గోదావరి కింద పొయ్యి ఎవరు పెట్టారు?

పిల్లలూ! చలికాలం తెల్లవారుజామున బోరింగు కొట్టి ముఖం కడుక్కున్నారా? బయట చలికి పళ్లు కటకటలాడుతుంటే బోరింగు నీళ్లు మాత్రం గోరువెచ్చగా తగులుతాయి. అదే బోరింగు నీళ్లు మే నెల మధ్యాహ్నం చల్లగా, హాయిగా ఉంటాయి. నీళ్లు మారాయా? లేదు. మారింది మన చుట్టూ ఉన్న గాలి. భూమిలో కొన్ని మీటర్ల లోతు దాటితే పైనున్న ఎండా, చలీ అక్కడికి చేరవు. ఆ లోతున వేడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మన వరంగల్లు ప్రాంతంలో అది సుమారు 28 డిగ్రీల సెంటీగ్రేడు.

ఇది గోరువెచ్చని నీళ్ల సంగతి. మరి భూమిలోంచి కాచిన నీళ్లలా వేడివేడిగా ఊరితే? అలాంటి చోట్లు మనకు దూరంగా ఏమీ లేవు. మణుగూరు దగ్గర బుగ్గ అనే ఊరుంది. బుగ్గ అంటేనే నీటి ఊట. ఆ చుట్టుపక్కల వేడినీటి ఊటలున్నాయి. పక్కనే పగిడేరులో బొగ్గు కోసం భూమిని తొలిస్తే వేడినీళ్లు తమంతట తామే పైకి ఉబికి వచ్చాయి. భద్రాచలానికి చేరువలోని గుండాల దగ్గర గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. దాన్ని ఉష్ణగుండం అంటారు. పక్కన నది చల్లగా పారుతుంటే గుంటలో నీళ్లు వేడిగా ఉంటాయి!

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 5.3. వరంగల్లులోనూ ఇళ్లు కదిలాయి. మరునాడు మా తరగతిలో ఒక అమ్మాయి లేచి ఇలా అడిగింది: “సార్, మా అమ్మమ్మ వాళ్లది మణుగూరు. అక్కడ భూమిలోంచి వేడినీళ్లు వస్తాయి. ఇప్పుడు భూమి కూడా కదిలింది. గోదావరి కింద అగ్నిపర్వతం ఉందా? సంక్రాంతికి మేం అక్కడికి పోవచ్చా?”

తరగతంతా నవ్వింది. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. వేడినీటి బుగ్గ కనిపిస్తే అగ్నిపర్వతాన్ని తలుచుకోవడం సహజమే. ఎందుకో తెలియాలంటే ఒకసారి జపాను వెళ్లి రావాలి.

జపాను బుగ్గలు

జపానులో నూటికి పైగా సజీవ అగ్నిపర్వతాలున్నాయి. వాటి అడుగున కరిగిన రాయి కొద్ది కిలోమీటర్ల లోతులోనే ఉంటుంది. వాన నీరు ఇంకి ఆ వేడి రాళ్లను తాకి బుగ్గలుగా పైకి వస్తుంది. అక్కడి వాళ్లు వేడినీటి బుగ్గను ‘ఆన్సెన్’ అంటారు. కొండల్లో బుగ్గల పక్కనే పాతకాలపు సత్రాలుంటాయి. వాటిని ‘ర్యోకాన్’ అంటారు. యమనాషి ప్రాంతపు కొండల్లో ‘కెయిఉన్‌కాన్’ అనే సత్రాన్ని క్రీ.శ. 705లో స్థాపించారని చెబుతారు. ప్రపంచంలో అన్నిటికన్నా పాత సత్రంగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. అంటే ఆ సత్రం దానికన్నా 458 ఏళ్లు పెద్దదన్నమాట!

ఆ సత్రాల్లో అతిథి చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, చాపలు పరిచిన గదిలో బస చేస్తాడు. బుగ్గ నీటి తొట్టిలోకి తిన్నగా దిగకూడదు. ముందు బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా ఒళ్లు కడుక్కోవాలి. ఆ తరువాతే తొట్టిలో దిగాలి. తొట్టి మురికి వదిలించుకోవడానికి కాదు, వేడినీటిలో సేద తీరడానికి. నలుగురు దిగే నీరు కనుక ఈ నియమం. బుగ్గ మరీ వేడిగా ఉంటే ఆ నీటిని 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా చల్లార్చి తొట్టిలోకి వదులుతారు.

ఒక తమాషా చూడండి. ఆన్సెన్ అంటే ఏమిటో జపాను 1948లో చట్టం చేసింది. భూమిలోంచి వచ్చేటప్పుడు నీటి వేడి 25 డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఉంటే చాలు, అది ఆన్సెనే. ఆ లెక్కన 28 డిగ్రీల మన బోరింగులన్నీ ఆన్సెన్లే! చలిదేశపు కొలత మనకు పనికిరాదు. ఒక ఊట వేడిదా కాదా అన్నది ఆ ప్రాంతపు సగటు వేడితో పోల్చి చెప్పాలి.

మన పొయ్యి వేరు

ఇక గోదావరికి వద్దాం. అక్కడ సజీవ అగ్నిపర్వతం లేదు. మరి వేడి ఎక్కడిది?

భూమిలో ఎక్కడ తవ్వినా, లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. భూమి పుట్టినప్పటి వేడి ఇంకా కొంత మిగిలి ఉంది. రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం అణువులు విచ్ఛిన్నమవుతూ మరికొంత వేడిని పుట్టిస్తున్నాయి. మొత్తం మీద ఒక కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక బుగ్గ నీటి వేడి 58 డిగ్రీలు అనుకోండి. పైన నేల వేడి 28 డిగ్రీలు. తేడా 30. కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున పెరిగితే, ఆ నీరు కనీసం ఒక కిలోమీటరు లోతు చూసి వచ్చిందన్నమాట. దారిలో చల్లారుతుంది కనుక ఇంకా లోతు నుంచే వచ్చి ఉండాలి.

అంత లోతుకు నీరు ఎలా పోయింది? మన ఓరుగల్లు గుట్టలు రెండు వందల కోట్ల ఏళ్లు దాటిన గట్టి రాయి. గోదావరి లోయ అలా కాదు. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం అక్కడ భూమి పొడుగునా పగిలి, పగుళ్ల నడుమ నేల మెల్లమెల్లగా కుంగింది. ఆ పల్లంలో నదులు ఇసుకను, చెట్టూ చేమను తెచ్చి నింపాయి. ఇసుక రాయి అయింది. చెట్లు బొగ్గయ్యాయి. అదే సింగరేణి బొగ్గు. ఎత్తు ప్రాంతాల్లో కురిసిన వాన ఆ ఇసుకరాతి పొరల్లో ఇంకి, ఎన్నో ఏళ్లు లోతుకు దిగి వేడెక్కుతుంది. ఎత్తున ఉన్న నీటి ఒత్తిడి వెనుక నుంచి తోస్తుంది. పైగా వేడినీరు చల్లని నీటికన్నా తేలిక. 60 డిగ్రీల దగ్గర లీటరు నీరు 983 గ్రాములే తూగుతుంది. అందుకే దొరికిన పగులు వెంట పైకి వస్తుంది. పోయేటప్పుడు తాపీగా, వచ్చేటప్పుడు త్వరగా వస్తుంది కనుక పూర్తిగా చల్లారదు.

ఇప్పుడా అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికింది. గోదావరి కింద అగ్నిపర్వతం లేదు, పాత పగుళ్లున్నాయి. పగులు వెంట నీరు ఎక్కితే బుగ్గ. పగులు వెంట రాయి జరిగితే భూకంపం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలోనూ ఇలాగే భూమి కంపించింది. బుగ్గ భూకంపాన్ని తేదు, భూకంపం బుగ్గను కాచదు. రెండూ ఒక లోయలో పుట్టినవే. అమ్మమ్మ ఇంటికి నిశ్చింతగా వెళ్లవచ్చు. అయితే భూమి ఊగితే బల్ల కిందికి దూరాలనీ, ఆగాక ఆరుబయటికి రావాలనీ అందరికీ తెలిసి ఉండాలి.

వేడితో వెలుగు

1904లో ఇటలీలోని లార్డరెల్లోలో భూమి ఆవిరితో అయిదు విద్యుద్దీపాలు వెలిగించారు. జపానులో 1966లో మత్సుకావా దగ్గర భూతాప విద్యుత్ కేంద్రం మొదలైంది. మన బుగ్గల్లో మరిగే ఆవిరి లేదు, వేడినీరే ఉంది. అందుకు వేరే ఉపాయం ఉంది. నీటికన్నా తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని ఈ వేడినీటితో మరిగించి, దాని ఆవిరితో చక్రం తిప్పవచ్చు. పగిడేరులో ఇలాంటి 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రాన్ని సింగరేణి సంస్థ చేపట్టింది. బొగ్గు కోసం వేసిన రంధ్రం బొగ్గు లేకుండా కరెంటు దారి చూపిందన్నమాట!

బుగ్గ చూడబోయినప్పుడు ఒక జాగ్రత్త. నీరు తేటగా ఉంటే చల్లగా ఉన్నట్టు కాదు. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. పెద్దలు లేనిదే దిగకండి. లోతు రాళ్ల లవణాలు కరిగి ఉంటాయి కనుక తాగకండి. వేడి కొలవాలంటే ప్రయోగశాల థర్మామీటరు తీసుకెళ్లండి. జ్వరం చూసేది పనికిరాదు, పగిలిపోతుంది.

అందాకా ఇంటి దగ్గరే ఒక ప్రయోగం చేయండి. నెలకొకసారి తెల్లవారుజామున బోరింగు ఓ యాభై సార్లు కొట్టి, ఆ తరువాత వచ్చిన నీటి వేడినీ, గాలి వేడినీ కొలిచి రాసుకోండి. ఏడాది తిరిగేసరికి గాలి గీత కొండలా ఎక్కి దిగుతుంది. నీటి గీత ఇంచుమించు తిన్నగా సాగుతుంది. ఆ గీతను గీసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.