ఆటకు కూలి: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో డబ్బు వచ్చాక ఏం మారింది?

ఆడినందుకు డబ్బు తీసుకోవడం తప్పని మొట్టమొదట చెప్పిందెవరు? ఆడి పొట్టపోసుకోవాల్సిన అవసరం లేనివాళ్లు. ఈ ఒక్క కొస పట్టుకుంటే, 2021 నుంచి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నడుస్తున్న గొడవంతా విప్పుకోవచ్చు. మనకెందుకయ్యా అమెరికా ఆటల సంగతి అని పాఠకులు అడగొచ్చు. శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రిపూట నిలబడి చూస్తే, పెద్ద పెద్ద సూట్‌కేసులతో, వెనక తల్లిదండ్రులతో కదిలే పిల్లల్లో ఎక్కువమంది పోతున్నది ఆ యూనివర్సిటీలకే. ఆ యూనివర్సిటీల్లో ఎవరి శ్రమకు ఎంత వెల కట్టారు, ఎన్నాళ్లు కట్టకుండా ఎగ్గొట్టారు అన్నది మన ప్రశ్న కూడా.

1879లో ఇంగ్లండులో థేమ్స్ నది మీద హెన్లీ పడవ పందేలు నడిపే పెద్దమనుషులు అమెచ్యూర్ అంటే ఎవరో నిర్వచనం రాసుకున్నారు. డబ్బు కోసం పోటీ చేసినవాడు అమెచ్యూర్ కాడన్నారు. అక్కడితో ఆగలేదు. మెకానిక్కు, చేతిపనివాడు, కూలివాడు కూడా అమెచ్యూర్లు కారన్నారు. పైసా ముట్టకపోయినా సరే, చేతులతో పనిచేసినవాడైతే చాలు, బయటే. 1920లో ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ కెల్లీని హెన్లీలో దిగనివ్వలేదు. అతను తాపీపని చేసినవాడన్నది చెప్పుకొచ్చిన కారణాల్లో ఒకటి. అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో అతను బంగారు పతకం గెలిచాడు. హెన్లీ వాళ్లు ఆ నిబంధన 1937లో గానీ తీసెయ్యలేదు. పని చేసే చెయ్యి మైలపడిన చెయ్యి అనే ఆలోచన మనూళ్లకే పరిమితమైంది కాదన్నమాట.

ఆదివాసీ ఇండియన్ అయిన జిమ్ థోర్ప్‌ది ఇంకో కథ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు చిన్న బేస్‌బాల్ జట్టులో కొద్దిపాటి డబ్బుకు ఆడాడని తెలియగానే 1913లో పతకాలు లాగేసుకున్నారు. ఆ రోజుల్లో చాలామంది కాలేజీ కుర్రాళ్లు మారుపేర్లతో ఆడి డబ్బు తీసుకునేవాళ్లు. ఇతను తన సొంత పేరుతో ఆడాడు. 2022లో గానీ ఆ రెండు పోటీలకు ఏకైక విజేతగా అతని పేరు తిరిగి రాయలేదు.

మన దగ్గర పల్వంకర్ బాలూను తలచుకోవాలి. చమార్ కులంలో పుట్టిన ఈ బౌలరు పూనా క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదునుచేస్తూ, దొరలకు గంటల తరబడి బంతులేసేవాడు. హిందూ జట్టుకు ఆడేటప్పుడు మైదానంలో అందరూ అతని బంతి పట్టుకున్నారు గానీ, టీ విరామంలో అతనికి వేరే మట్టి ముంతలో పోశారు. జట్టును ఎన్నిసార్లు గెలిపించినా కెప్టెన్సీ ఇవ్వలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. బాలూ శ్రమ కావాలి, బాలూ వద్దు. ఇది మనసులో పెట్టుకుని ఇప్పుడు అమెరికా పోదాం.

అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్.సి.ఎ.ఎ. దాన్ని 1951 నుంచి 1987 దాకా నడిపిన వాల్టర్ బైయర్స్ కాలంలోనే 'విద్యార్థి-క్రీడాకారుడు' అనే మాట పుట్టింది. ఈ మాట ముద్దుగా వినపడుతుంది గానీ పుట్టింది కోర్టు భయంతో. 1955లో రే డెనిసన్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆటలో తగిలిన దెబ్బకు చనిపోయాడు. పని చేస్తూ చనిపోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం నాకివ్వండని అతని భార్య అడిగింది. అతను కార్మికుడు కాడని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. ఆటగాణ్ణి ఉద్యోగి అంటే పరిహారం కట్టాలి, అందుకని విద్యార్థి అన్నారు. ఆ మాటను ఊరూరా వ్యాపింపజేసిన బైయర్స్ రిటైరయ్యాక 1995లో పుస్తకం రాసి, ఇదంతా తోటల్లో బానిసల చేత చేయించుకున్న తీరుకు వారసత్వమని తానే ఒప్పుకున్నాడు. కుర్చీ దిగాక నిజం చెప్పేవాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు.

దీన్ని వెట్టితో పోల్చడం అతి అని కొందరంటారు. నిజమే, కాలేజీ ఫీజు, తిండి, వసతి చిన్న విషయాలు కావు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లం, స్కాలర్‌షిప్ విలువ మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే లెక్క చూడండి. మార్చి నెలలో జరిగే జాతీయ టోర్నమెంటు టీవీ హక్కులను 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్మారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా నుంచి అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో, బాస్కెట్‌బాల్ కోచో. దేశ జనాభాలో నల్లవాళ్లు సుమారు 13 శాతమైతే, పెద్ద యూనివర్సిటీల మగపిల్లల బాస్కెట్‌బాల్‌లో వాళ్ల వాటా దానికి మూడు నాలుగు రెట్లు. కోచ్ మార్కెట్ ధరకు అమ్ముడుపోవచ్చు, ఆటగాడు మాత్రం ఆట మీద ప్రేమతో ఆడాలి. ప్రేమ ఎప్పుడూ కింది వాడి బాధ్యతే గదా!

డబ్బు అసలు లేదా అంటే, ఉంది, బల్ల కింద. 2017 సెప్టెంబరులో ఎఫ్.బి.ఐ. పలువురు సహాయ కోచ్‌లను, ఆడిడాస్ కంపెనీ మనిషిని అరెస్టు చేసింది. ఫలానా యూనివర్సిటీలో చేరడానికి కుర్రాళ్ల కుటుంబాలకు డబ్బు ముట్టజెప్పారన్నది ఆరోపణ. తల్లికి అద్దె కట్టినా నేరమే.

తలుపు తెరుచుకున్నది కోర్టుల దగ్గర. 1995లో యు.సి.ఎల్.ఎ. జట్టును గెలిపించిన ఎడ్ ఒబానన్, ఏళ్ల తర్వాత ఒక వీడియోగేమ్‌లో తన బొమ్మను చూసుకున్నాడు. బొమ్మ అమ్ముడుపోతోంది, తనకు రూపాయి లేదు. 2009లో కేసు వేశాడు. తర్వాత ఆల్‌స్టన్ కేసులో 2021 జూన్ 21న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద ఎన్.సి.ఎ.ఎ.కు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. పది రోజులు తిరక్కుండా, జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరును, బొమ్మను అమ్ముకోవచ్చని ఒప్పుకోక తప్పలేదు. 2025 జూన్ 6న హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపింది. దాని ప్రకారం పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల బకాయిలు కట్టాలి. ఇకమీదట ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా డబ్బివ్వొచ్చు. 2025-26కు దాని పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఇక ఆటగాళ్లను ఎంపిక చేసుకునే పద్ధతి ఎట్లా తలకిందులైందో చూద్దాం. ఇదివరకు కోచ్ పదిహేడేళ్ల కుర్రాడి ఇంటికొచ్చేవాడు, తల్లి పక్కన కూర్చునేవాడు, మీవాణ్ణి నా కొడుకులా చూసుకుంటాననేవాడు. చేరాక కుర్రాడు వేరే యూనివర్సిటీకి మారాలంటే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. కోచ్ మాత్రం రాత్రికి రాత్రి ఎక్కువ జీతమిచ్చే చోటికి పోవచ్చు. దొర పొలం మార్చుకోవచ్చు, జీతగాడు దొరను మార్చకూడదు, అంతే తేడా. 2021లో ఆ ఏడాది శిక్ష ఒక మార్పు వరకు తీసేశారు. 2024 నాటికి ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. జీతం, స్వేచ్ఛ రెండూ ఒకేసారి రావడంతో ప్రతి వసంతంలో సంత తెరుచుకుంటోంది. ఏజెంట్లు ముందే అంకె చెప్తున్నారు. యూనివర్సిటీలు బేరాలాడ్డానికి జనరల్ మేనేజర్లను పెట్టుకుంటున్నాయి. పూర్వ విద్యార్థులు చందాలేసి నిధులు పోగుచేస్తున్నారు. జట్టు ఏటా కొత్తగా పుడుతోంది.

దీని దెబ్బ ఎవరి మీద పడింది? కోచ్ దగ్గర పరిమిత డబ్బుంది, హౌస్ రాజీ తర్వాత జట్టులో 15 చోట్లే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల కొత్తవాణ్ణి తీసుకుని మూడేళ్లు తీర్చిదిద్దడం కంటే, చిన్న యూనివర్సిటీలో అప్పటికే ఆడి రాటుదేలిన ఇరవైరెండేళ్లవాణ్ణి కొనుక్కోవడం నయం. నేర్పిన కుర్రాడు మరుసటి ఏడు ఉంటాడన్న నమ్మకమూ లేదు. కనక చిన్న యూనివర్సిటీలు నారుమడులైపోయాయి. నారు వాళ్లు పోస్తారు, పెద్దవాళ్లు పీక్కుపోయి తమ మడిలో నాటుకుంటారు. హైస్కూలు ముగించిన పిల్లల్లో శిఖరాన ఉన్న కొద్దిమందికి లక్షల డాలర్లు, మిగతావాళ్లకు ఇదివరకు దొరికిన చోటు కూడా దొరకడం లేదు. ఐరోపా క్లబ్బుల్లో ఆడాల్సిన కుర్రాళ్లు కూడా ఇటే వస్తున్నారు. కాలేజీకి పోకుండా డబ్బుకు ఆడే దారి చూపడానికి ఎన్.బి.ఎ. 2020లో మొదలుపెట్టిన ఇగ్నైట్ జట్టు 2024లో మూతపడింది. కాలేజీయే డబ్బిస్తుంటే దాని అవసరం ఏముంది?

ఆడపిల్లల సంగతి కొంత మెరుగు, కొంత పాతపాటే. ఐయోవాలో ఆడిన కెయిట్లిన్ క్లార్క్‌కు విద్యార్థిగా ఉన్నప్పుడే ప్రకటనల మీద వచ్చిన ఆదాయం ముందు, 2024లో ప్రొఫెషనల్ లీగులో మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు చిన్నబోయింది. కానీ బకాయిల పంపకంలో సింహభాగం మగవాళ్ల ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతోందని ఆడపిల్లలు కోర్టుకెక్కారు. కొత్త సొమ్ము పంపకంలో చాలాచోట్ల అనుకుంటున్న లెక్కలో మహిళా బాస్కెట్‌బాల్‌కు వచ్చేది నూటికి అయిదు.

ఇంత జరిగినా ఆటగాడు ఉద్యోగి మాత్రం కాలేదు. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13-2 ఓట్లతో యూనియన్ పెట్టుకున్నారు. కాలేజీ వాళ్లతో బేరానికి కూర్చోలేదు. ప్రభుత్వం మారితే వ్యతిరేక నిర్ణయం వస్తుందని 2024 చివర్లో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. డబ్బు ఇస్తాం, హక్కు ఇవ్వం అన్నదే ఇప్పటి స్థితి. రే డెనిసన్ భార్య అడిగినదానికి జవాబు నేటికీ రాలేదు.

శంషాబాద్ నుంచి పోయే పిల్లలకు ఇందులో రెండు సంగతులున్నాయి. 2023-24లో అమెరికాలో చదివిన భారత విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లు తీసుకునే ఎఫ్-1 వీసా, క్యాంపస్ బయట పని చెయ్యడానికి మామూలుగా ఒప్పుకోదు. చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి వీసా తెచ్చుకున్నా ఈ షరతు తప్పదు. బాస్కెట్‌బాల్ ఆడే విదేశీ విద్యార్థులకూ ఇదే సంకెల. కెంటకీకి ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే, 2022లో జట్టు బహామాస్ పోయినప్పుడు అక్కడ ప్రకటనల పని చేసుకున్నాడు, అమెరికా నేల మీద చేస్తే వీసాకు ముప్పు కనక. రెండో సంగతి, టీవీ సొమ్ము రాని ఎన్నో మధ్యతరహా ప్రభుత్వ యూనివర్సిటీలు ఆటల ఖర్చును ప్రతి విద్యార్థి ఫీజులో కలిపి వసూలు చేస్తాయి. ఇక్కడ పొలం తాకట్టు పెట్టి కట్టిన ఫీజులో కొంత అట్లా ఆటల ఖాతాకు పోతుంది.

మన దగ్గర ఆటగాడికి డబ్బు వచ్చే తీరు వేరు. కబడ్డీ చూడండి. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యేదాకా మంచి రెయిడర్ కల రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నది. కబడ్డీ గీత గీయడానికి సుద్దముక్క కూడా అక్కర్లేదు, కాలితో గీస్తే చాలు. అందుకే అది దళిత బహుజన పిల్లల ఆట అయింది. బాస్కెట్‌బాల్‌కు కోర్టు కావాలి, బోర్డు కావాలి, బూట్లు కావాలి. అది వై.ఎం.సి.ఎ. వాళ్లతో వచ్చి మిషన్ స్కూళ్లలో, రైల్వే కాలనీల్లో బతికింది. మన పిల్లలు కొందరు దాన్ని ముట్టుకోగలిగింది ఆ దారిలోనే. ఇప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ కోర్టు లేని ఇంటర్నేషనల్ స్కూలు అరుదు. 2008 మార్చిలో తెరిచిన విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్న ఊళ్లలో, సర్కారు బడి వెనక అట్లాంటి కోర్టు వెతకండి.

మన ప్రభుత్వాలు డబ్బిచ్చేది ఎక్కువగా పతకం వచ్చాక. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచాక కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించారు. సంతోషమే. గెలవకముందు ఆ ఇంట్లో పూట ఎట్లా గడిచిందో అడిగినవాళ్లు తక్కువ. ముందే ఇచ్చే పథకం ఖేలో ఇండియా. ఎంపికైన ఒక్కో క్రీడాకారుడికి ఏడాదికి 6 లక్షల 28 వేలు కేటాయిస్తే, అందులో చేతికొచ్చేది 1 లక్షా 20 వేలు, అంటే నెలకు పదివేలు. అమెరికాలో ఇప్పుడు జరుగుతున్నది ఈ రెండో దారి, వందల రెట్ల మీద. గెలుస్తాడన్న అంచనా మీదే వెల కడుతున్నారు. అంచనా కట్టేవాడి కంట పడాలంటే మంచి కోర్టు, ఏజెంటు, వీడియో, ఇంగ్లీషు ఉండాలి. ఇవి ఎవరి దగ్గర ఉంటాయో చెప్పనక్కర్లేదు.

ఎంసెట్‌గా మొదలై ఇప్పుడు ఈఏపీసెట్ అయిన పరీక్ష ద్వారా ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు క్రీడల కోటా అర శాతం. ప్రైవేటు కాలేజీలు ఫీజు మాఫీ చేసి తీసుకునే ఆటగాళ్లు దీనికి బయట. ఈ అర శాతం సీట్లు ఏ ఆటకు, ఏ స్కూలు నుంచి, ఏ కులపు పిల్లలకు పోయాయో ఏడాదివారీగా సమాచార హక్కు కింద అడగొచ్చు. అర్జీ ఫీజు పది రూపాయలు. విద్యార్థి సంఘాలు ముందు ఆ పని చెయ్యాలి.