భిక్షాపాత్ర ఒక్కటే కాదు: మన ఆరామాల ఆదాయం

నిడమనూరు, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల బౌద్ధారామాల ప్రస్తావన వస్తే ఇల్లిల్లూ తిరిగే భిక్షువులే మనసులో మెదులుతారు. ఆ బొమ్మ అబద్ధం కాదు గానీ, అందులో సగం కథే ఉంది.

అపోహ: విహారాలు రోజువారీ భిక్షతోనే నడిచాయి.

వాస్తవం: అన్నం భిక్షతో దొరుకుతుంది. కూలిన గోడకు ఇటుకలు, రోగికి మందు, రాత్రికి దీపపు నూనె ఎక్కడివి? అందుకే అక్షయనీవి పుట్టింది. అసలును ముట్టుకోకుండా వృత్తి శ్రేణుల దగ్గర ఉంచి, వడ్డీని వాడుకునే శాశ్వత నిధి అది. నాగార్జునకొండ శాసనాల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది.

అపోహ: ఇచ్చినవాళ్లంతా రాజులే.

వాస్తవం: నాగార్జునకొండ మహాచైత్యానికి ముఖ్య దాత చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి. అక్కడే రుద్రధరభట్టారిక ఒక స్తంభంతోపాటు 170 దీనారి మాషకాలు అనే నాణేలు ఇచ్చింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ధర్మచక్ర స్తంభం నిలిపినవాడు ఒక వైద్యుడు. అక్కడే 2024లో కుండ నిండా 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. చిల్లర బేరాలకు వాడే డబ్బు ఆ కొండకు కొత్త కాదన్నమాట.

అపోహ: ఇక్ష్వాకులతోనే ఆరామాల బతుకు ముగిసింది.

వాస్తవం: నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఆధారం ఇక్కడే ఉంది. రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెంలో దొరికిన రాగి శాసనాలను బి.ఎన్.శాస్త్రి వెలుగులోకి తెచ్చారు. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ, తన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారానికి రెండు గ్రామాలు ఇచ్చాడు. ధూపదీపాలు, భోజనం, పడకలు, మందులు, జీర్ణోద్ధరణ, అన్నీ ఆ దానంతోనే సాగాలి. తర్వాత శక సంవత్సరం 488లో, అంటే క్రీ.శ. 566లో, అదే వంశపు రాజు విక్రమేంద్రవర్మ అదే విహారానికి ఇరుందొర గ్రామం రాశాడు. నగదు నిధి స్థానంలోకి పొలం పంట వచ్చింది. ఒకే విహారాన్ని రాజవంశం తరాల తరబడి పోషించిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి!

అపోహ: గ్రామాన్ని దానమిస్తే ఊరివాళ్లు ఖాళీ చేయాల్సిందే.

వాస్తవం: రైతు కదలడు. రాజుకు చెల్లించే భాగం ఇకపై విహారానికి చెల్లిస్తాడు. శాసనం దాతను, రాణిని, భిక్షుసంఘాన్ని పేర్కొంటుంది. ఆ గాదెలు నింపిన కాపుల పేర్లు మాత్రం రాగిరేకు మీద చోటు చేసుకోలేదు. ఆరామాల చరిత్ర రాసేవారు ముందు ఆ చోటు నింపాలి.