ఎనిమిది బటన్లెందుకు? ఒక్కటి చాలు!

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఈ పచ్చడి మీ పిన్నికి పంపాలిరా, ఎక్కడ నొక్కాలి?" అని. చూస్తే వ్యాసం కింద రంగురంగుల బటన్లు ఎనిమిది! 2019లోనే మూతపడ్డ గూగుల్ ప్లస్ కూడా ఉంది. అమ్మ వాడే వాట్సాప్ మాత్రం లేదు. చివరికి స్క్రీన్‌షాట్లు తీసి పంపింది.

నాకు నవ్వు రాలేదు. అలాంటి బటన్ల వరుసలు ఆఫీసులో నేనూ బోలెడు పెట్టాను మరి.

చిక్కేంటంటే, లింకు అందుకోవడానికి ఒక్కో సోషల్ మీడియాది ఒక్కో పద్ధతి. కొత్త యాప్ వస్తే కొత్త బటన్ చేర్చాలి. 2023లో ట్విట్టర్ కాస్తా ఎక్స్ అయ్యాక, పిట్టబొమ్మలన్నీ వెతికి మార్చాల్సి వచ్చింది.

ఇంతకన్నా పెద్ద గొడవ ఇంకోటుంది. కంపెనీలిచ్చే రెడీమేడ్ బటన్లలో కొన్ని, పేజీ తెరవగానే వాటి సర్వర్‌కు కబురు పంపేస్తాయి. మీరు నొక్కకపోయినా సరే! ఇలా లైక్ బటన్ పెట్టిన వెబ్‌సైట్‌కూ ఆ సమాచార సేకరణలో బాధ్యత ఉంటుందని యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం 2019లో తేల్చి చెప్పింది.

దీనికి మందు 'వెబ్ షేర్' అనే ప్రమాణం. ఒకే బటన్. నొక్కితే వెబ్‌సైట్ శీర్షికనీ, లింకునీ ఫోన్‌కి అప్పగించి పక్కకి తప్పుకుంటుంది. మీ ఫోన్‌లో ఉన్న యాప్‌ల జాబితాను ఫోనే చూపిస్తుంది. మీరు ఏది ఎంచుకున్నారో వెబ్‌సైట్‌కు తెలియదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇది 2017లో, సఫారీలో 2019లో వచ్చింది. కొన్ని బ్రౌజర్లలో పనిచేయదు కాబట్టి, పక్కన 'కాపీ లింక్' కూడా ఉంచాలి.

లింకు పంపితే కనిపించే బొమ్మ, శీర్షికల సంగతి వేరు. వాటికోసం ఫేస్‌బుక్ 2010లో 'ఓపెన్ గ్రాఫ్' తెచ్చింది. మిగతా యాప్‌లూ దాన్నే చదవడం మొదలుపెట్టాయి. అందుకే వెబ్‌సైట్ వాళ్లు ఒక్కసారి రాస్తే చాలాచోట్ల సరిపోతోంది. పంపే పద్ధతి కూడా అలా ఒక్కటైతే ఎంత హాయి!

ఈ మార్పు చేద్దామంటే మా మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ యాప్‌కి ఎన్ని షేర్లు వెళ్లాయో ఎలా తెలుస్తుంది?" తెలియదు సార్, అన్నాను. తెలియకపోవడమే కదా పాఠకుడికి మేలు! రెండు వారాలు వాదించాక ఒప్పుకున్నారు.

అన్నట్టు, సైట్‌లో సరైన బటన్ లేకపోయినా కంగారొద్దు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కితే 'షేర్' ఉంటుంది. అమ్మకి అదే నేర్పించాను. ఇప్పుడు రోజుకి పది లింకులొస్తున్నాయి నాకు!