పల్లీలకు పట్టే పచ్చబూజు

వానాకాలంలో పల్లీల డబ్బా మూత తీయగానే ముక్కిన వాసన వస్తే మనలో చాలామంది ఏం చేస్తాం? బూజుపట్టిన నాలుగు గింజలు ఏరి పారేసి, మిగిలినవి వేయించి చట్నీ చేసేస్తాం. "వేయిస్తే పోదా ఏమిటి!" అనుకుంటాం. బూజైతే చస్తుంది గానీ, అది వదిలిన విషం మన పొయ్యి వేడికి పూర్తిగా పోదు.

ఈ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. లాబొరేటరీలో దీన్ని పెంచే పద్ధతి వింటే మన వంటింటి సంగతే అనిపిస్తుంది. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళలో గ్లూకోజు కలిపి, మనం జెల్లీకి వాడే చైనా గ్రాస్‌తో గడ్డకట్టిస్తారు. దానిమీద కాస్త బూజు వేసి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే, ముందు తెల్లగా దూదిలా పరుచుకుంటుంది. కొద్దిరోజుల్లోనే పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిలా మారుతుంది. ఆ పొడంతా విత్తనాల్లాంటి రేణువులే! గాలికి లేచి ఎక్కడ పడితే అక్కడ వాలతాయి. తిండి, తేమ, వెచ్చదనం మన డబ్బాలోనూ ఉంటాయి కదా మరి!

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. మేతలోని వేరుశెనగ పిండిలో ఈ విషం ఉన్నట్టు తర్వాత తేలింది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్నలు తిని, కామెర్లు వచ్చి నూరుమందికి పైగా చనిపోయారు. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్ళినా లివర్ కాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఈ జాతి బూజులన్నీ విషం తయారుచేయవు. కానీ ఏది చేస్తుందో కంటితో చూసి చెప్పలేం.

అందుకని ఈ జాగ్రత్తలు పాటించండి:

* పల్లీలు నెలకు సరిపడా మాత్రమే కొనండి. ఎండబెట్టి, చల్లారాకే గాలి చొరని డబ్బాలో పోయండి.
* తడి చెంచా, తడి చెయ్యి పెట్టకండి.
* ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరేయండి. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయమని పిల్లలకు చెప్పండి.
* డబ్బా అంతా ముక్కిన వాసన వస్తే మొత్తం పారేయండి. గేదెకు మాత్రం పెట్టకండి. ఆ విషం పాలలోకి దిగి మళ్ళీ మన గ్లాసులోకే వస్తుంది.
* ఎండుమిర్చికీ, మొక్కజొన్నలకూ ఇవే జాగ్రత్తలు.

కిలో పల్లీలు పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. కానీ ఇంటిల్లిపాది ఆరోగ్యం ముందు ఆ డబ్బు ఏపాటిది చెప్పండి!