అయస్కాంతం చూపితే రంగు మారుతుంది!

నెమలి పింఛానికి నీలం ఎవరు అద్దారు? సబ్బు బుడగ మీద రంగులు ఎవరు పూశారు? ఎవరూ పూయలేదు. లోపలి అమరిక వెలుగును తిప్పి పంపే తీరే మన కంటికి రంగుగా కనిపిస్తుంది. మరి అమరిక మారితే రంగూ మారాలి కదా!

పిల్లల నుదుటి మీద పెట్టే జ్వరం పట్టీ చూసే ఉంటారు. అందులో ఉండేవి ద్రవ స్ఫటికాలు. నీళ్ళలా పారుతూనే, పటికబెల్లం పలుకులా లోపల ఒక వరుసను నిలుపుకునే పదార్థాలన్నమాట. 1888లో ప్రేగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త వీటిని గమనించారు. ఆయన పరీక్షించిన పదార్థం 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి మబ్బుగా, 178.5 దగ్గర తేటగా అయింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడం వింతే! 1977లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్.చంద్రశేఖర్ బృందం బిళ్ళల్లాంటి అణువులతోనూ ఇవి ఏర్పడతాయని చూపింది.

పట్టీలోని అణువులు మెలికల మెట్లలా ఉంటాయి. వేడికి ఆ మెలిక మారితే రంగు మారుతుంది. అయితే అది చెప్పేది చర్మం వేడి మాత్రమే. థర్మామీటరుతో సరిచూడటం మానకండి.

వేడికి బదులు అయస్కాంతం వాడితే? అమెరికాలో రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యాడాంగ్ యిన్ బృందం 2009లో అదే చేసింది. ద్రవ రెజిన్ బొట్లలో ఐరన్ ఆక్సైడ్ రేణువులు కలిపి, అయస్కాంతంతో వాటిని దండల్లా కూర్చి, అతినీలలోహిత కాంతితో గట్టిపరిచింది. అయస్కాంతం తిప్పితే ఆ చిట్టి పూసలూ తిరుగుతాయి, రంగు మారుస్తాయి. 2014లో ఐరన్ ఆక్సైడ్ సూక్ష్మ కడ్డీలతో, అయస్కాంతం మాట వినే ద్రవ స్ఫటికాన్నే తయారుచేశారు.

ఇదంతా మనకెందుకంటారా? మా అత్తగారికి నెలనెలా బీపీ మాత్రలు కొనేది నేనే. అట్ట మీద తళతళలాడే స్టిక్కరు నకిలీ వాళ్ళూ వేసుకోగలరు. అయస్కాంతానికి రంగు మార్చే ముద్రను అచ్చుగుద్దడం అంత తేలిక కాదు. అందుకే నకిలీలను పట్టడానికి ఇవి పనికొస్తాయని శాస్త్రవేత్తలు అంటున్నారు.

అంతదాకా మన చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 మందుల బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ లేదా బార్ కోడ్ తప్పనిసరి చేశారు. నేనైతే దుకాణం మెట్లు దిగకముందే ఫోన్‌తో చూసుకుంటాను, బిల్లు తీసుకుంటాను. రెండు నిమిషాల పనే. ఇంట్లో వాళ్ళు మింగే మాత్ర కంటే ముఖ్యమైన తొందర ఏముంటుంది చెప్పండి?