నల్లమల దారిలో మోటారు సైకిలు

నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు దాటి తూర్పుగా సాగినచో బైర్లూటి కడ నల్లమల యడవి యారంభమగును. అటనుండి దోర్నాలకు మిత్రునితో గూడి మోటారు సైకిలుపై పగటిపూట పోవుట యొక వేడుక. పూర్వము శ్రీశైల యాత్రికులీ కొండలను నాగలూటి, భీమునికొలను మీదుగా కాలినడకనే దాటెడివారు. నేటికిని శివరాత్రికి అట్లు నడచువారు కలరు.

కొండ దిగునపుడు బండి తన బరువుచేతనే వేగము పుంజుకొనును. ఇద్దరెక్కిన బండిని నిలుపుటకు బ్రేకు మరింత శ్రమింపవలెను. దానినే యెడతెగక నొక్కినచో రాపిడిచే కాగి పట్టు సడలును. కావున తెలిసినవారు గేరు తగ్గించి దిగుదురు. అపుడు చక్రమే యింజనును త్రిప్పవలసివచ్చును గనుక వేగము తనంతట అణగును. వెనుక కూర్చున్నవాడు మలుపులందు బండితోపాటు ఒరగవలెను; భయపడి యెదురొరిగెనా, నడపువానికి చిక్కు.

ఈ యడవి 1983లో పులుల రక్షితారణ్యముగా ప్రకటింపబడినది. మలుపు చాటున దుప్పి యుండవచ్చును. ఒకటి దాటినదని వెంటనే సాగిపోరాదు, వెనుకనే మంద వచ్చుట కద్దు. కోతులకు తినుబండారములు విసరుట దయ గాదు. వానికి ఆశపడి యవి రోడ్డుమీదనే కాచుకొని చక్రముల క్రింద నలిగిపోవును. పులి కనబడుట మాత్రము అరుదు. మన బండి చప్పుడు దానికి ముందే వినబడును. రాత్రివేళ ఈ దారిని వాహనములకు మూయుదురు గనుక, ప్రొద్దు వాలకముందే దోర్నాల చేరునట్లు బయలుదేరవలెను.