ఉక్కుపై అల్లుకొన్న లత

బ్రిటిషువారి కాలమున పులికాటు సరస్సు బాతులను వేటాడుటకై దొరలును జమీందారులును కొనితెచ్చుకొన్న జంటగొట్టముల తుపాకులు ఎన్నియో మద్రాసునుండి నెల్లూరునకు వచ్చు పెద్దబాటవెంట సాగియుండును. వానిలో కొన్నిటి గొట్టముల నడిమి పట్టీపై మద్రాసు వర్తకులైన ఓక్సు కంపెనీ పేరో, పి. ఓర్ అండ్ సన్సు వారి పేరో చెక్కియుండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట ఆ వేటకు క్రమముగా అడ్డుకట్ట పడినది. అది లోకమునకు మేలే. కాని ఆ తుపాకుల ఉక్కుపై నిలిచిన నగిషీ నేటికిని కన్నులార చూడదగినది.

గొట్టముల వెనుకనుండు ఉక్కుదిమ్మయు, దాని ఇరుప్రక్కల పలకలును ఈ చెక్కడమునకు నెలవులు. ఉక్కు ఇంకను మెత్తగా నున్నప్పుడే శిల్పి సన్నని ఉలితో గీతలు త్రవ్వును. పిదప ఎముకల బొగ్గులో పొదిగి ఎఱ్ఱగా కాల్చి నీట ముంచగా, పైపొర గట్టిపడుటయే గాక, నీలియు గోధుమవన్నెయు కలసిన ఛాయలు మబ్బుతునకలవలె దానిపై పరచుకొనును.

శైలిలో దేశమునకొక తీరు కలదు. 1814లో లండనులో నెలకొన్న పర్డీ సంస్థ తుపాకులపై మెంతిగింజలంతటి లతాచక్రములు ఒకదానినొకటి ఒరసికొని తిరుగుచు, నడుమనడుమ గులాబీ గుత్తులను పొదువుకొనును. హాలండ్ అండ్ హాలండ్ వారి రాయల్ రకముపై ఆకులు పెద్దవై, ధీరముగా మెలికలు తిరుగును. జర్మనీలోని జూల్ పట్టణపు శిల్పులు ఓక్ ఆకులను, దుప్పిని, అడవిపందిని లోతుగా త్రవ్వి ఉబ్బెత్తుగా నిలుపుదురు. ఇటలీలోని గార్డోనే పనివారు తరువాతి కాలమున లెక్కలేని సూక్ష్మబిందువులతో వెలుగునీడలను కూర్చి, ఛాయాచిత్రమును తలపించు బొమ్మలను దిద్దిరి. కొన్ని పాతతుపాకుల గొట్టములపై కనబడు అలలవంటి చారలు మాత్రము చెక్కినవి కావు. ఇనుమును ఉక్కును కలిపి పురిపెట్టి, చుట్టి, సుత్తితో అతికించగా పుట్టినవి. అట్టి పాతగొట్టములలో నేటి తోటాను పేల్చుట ప్రాణాపాయము.

మేలైన తుపాకి ప్రక్కపలకపైనుండు ఒక్క మరచీలను భూతద్దముతో చూడుడు. పలకపై సాగివచ్చిన తీగ ఆ చీల తలపైకి ప్రాకి, ఆవలి ఒడ్డున తిరిగి పలకనే చేరును. చీలల గాళ్లన్నియు గొట్టముల దిశగనే ఒదిగియుండును. ఒక చీలను మఱియొకదానిచోట బిగించినచో తీగ తెగిపోవును, అజాగ్రత్త బయటపడును. వెంకటగిరి చీరలో బుట్టా దారము తప్పినచో నేతగాని కన్ను పట్టినట్లే, ఇక్కడను తీగయే సాక్షి.

అందుచేత, తాతల నాటి తుపాకిని లైసెన్సుతో భద్రపరచుకొన్న కుటుంబములకు నా మనవి యొక్కటే: తుప్పు కనబడెనని గరుకుకాగితముతో రుద్దకుడు, మెఱుగు పెట్టింపకుడు. ఆ మబ్బుఛాయల పొర మిక్కిలి పలుచన; ఒకమారు పోయినచో ఆ చేతిపనితో బాటు పోయినట్లే. పలుచని నూనె పూసిన మెత్తని గుడ్డ చాలును. కిటికీ వెలుగున ప్రక్కవాటుగా పట్టుకొని చూచినచో, ఏ ఊరి శిల్పియో ఉలిమొనతో నాటిన లత ఇంకను అల్లుకొనుచునే యున్నట్లు తోచును.